క్లాసులో మిగతావాళ్లు: కొరియన్ డ్రామాల్లో స్కూలు వేధింపులు, వాటిని చూసేవాళ్ల లెక్కలు

కొరియాలో డ్రామాలు చూసేవాళ్లకు రెండు తిండి మాటలు ఊతపదాల్లా అలవాటయ్యాయి. ఒకటి ‘గోగుమా’, అంటే చిలగడదుంప. తెలంగాణలో గెనుసుగడ్డ అంటారే, అదే. రెండోది ‘సైదా’, అంటే నిమ్మ సోడా లాంటి గ్యాస్ డ్రింకు. మంచివాడు తన్నులు తింటూ, నోరు విప్పకుండా, ఎపిసోడ్ల తరబడి ఓర్చుకుంటూ పోతుంటే ఆ కథ గోగుమా. ఉడకబెట్టిన దుంపను నీళ్లు లేకుండా మింగినట్టు గొంతుకు అడ్డం పడుతుంది. వాడు తిరగబడి ఒక్కటి ఇచ్చుకోగానే అది సైదా. అడ్డం పడిందంతా చల్లగా దిగిపోతుంది. స్కూలు వేధింపుల మీద వచ్చే డ్రామాలను అక్కడి జనం ఎక్కువగా ఈ తూకంతోనే తూస్తారు. ఎంతసేపు దుంప తినిపించారు, సోడా ఎప్పుడు పోశారు అన్నదే లెక్క.

ఈ కథల చుట్టూ ఇంకొన్ని మాటలు కూడా పుట్టాయి. స్కూల్లో జరిగే హింస మొత్తానికి ‘హక్‌పోక్’ అనే పొట్టి పేరుంది. వార్తల్లో, కోర్టు కబుర్లలో, అమ్మల ఫోన్ సంభాషణల్లో అదే మాట. క్లాసంతా కలిసి వెలివేసిన పిల్లనో పిల్లాడినో ‘వాంగ్తా’ అంటారు. ఇది 1990ల చివరి నాటికి బాగా వాడుకలోకి వచ్చింది. జులుం చేసే ముఠా ‘ఇల్‌జిన్’. వాళ్ల కోసం పరుగెత్తుకెళ్లి బన్నులు, బ్రెడ్డు తెచ్చిపెట్టే బక్క పిల్లాడు ‘బ్రెడ్ షటిల్’. ‘స్టార్‌క్రాఫ్ట్’ అనే వీడియో గేమ్‌లో సైనికులను మోసే ‘షటిల్’ వాహనంలా వీడు స్కూలు కొట్టుకూ క్లాసుకూ మధ్య తిరుగుతుంటాడన్న మాట.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే పదం దొరకదు. ర్యాగింగ్ అంటే అందరికీ తెలుసు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం కూడా వచ్చింది. కానీ మన ఊహలో ర్యాగింగ్ అంటే కాలేజీలో సీనియర్లు జూనియర్ల మీద చేసేది, మొదటి కొన్ని నెలల్లో ముగిసేది. హక్‌పోక్ ఎక్కువగా సాటి క్లాసువాళ్ల పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గదిలో, అదే ముఖాల మధ్య, భోజనం కూడా వాళ్లతోనే. ఇక మనవాళ్లు మామూలుగా వాడే ‘ఏడిపించడం’ మరీ మెత్తటి మాట. మరదలిని బావ ఏడిపించడమూ అదే, క్లాసులో ఒక పిల్లాడిని నెలల తరబడి నరకంలో పెట్టడమూ అదే. కొరియన్‌లో ఈ మెత్తదనం ‘చాంగ్‌నాన్’ అనే మాటలో ఉంది. ఆట, సరదా, అల్లరి అని అర్థం. దొరికిపోయిన పిల్లలు చెప్పే మొదటి సమాధానం అదే: సరదాకి చేశాం. కొరియా విద్యాశాఖ జరిపే సర్వేల్లో కూడా, ఎందుకు చేశారని అడిగితే ‘సరదాకి, లేదా ప్రత్యేకంగా కారణమేమీ లేదు’ అన్నదే ఎక్కువమంది ఎంచుకునే జవాబు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఇప్పటి డ్రామాల్లో వేధించేవాడు పరమ దుర్మార్గుడు. ఒకప్పుడు వాడే హీరో. 2009లో కేబీఎస్ 2 చానల్‌లో వచ్చిన ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’ చాలామంది భారతీయులకు కొరియన్ డ్రామా అంటే ఏమిటో పరిచయం చేసిన సీరియల్. జపాన్ కామిక్ ఆధారంగా తీశారు. శ్రీమంతుల పిల్లలు చదివే షిన్హ్వా హైస్కూల్లో ‘ఎఫ్4’ అని నలుగురు కుర్రాళ్లు. వాళ్లకు నచ్చనివాడి లాకర్లో ఎర్ర కార్డు పడుతుంది. ఆ క్షణం నుంచి స్కూలంతా వాడి మీద పడి కొట్టవచ్చు. మొదటి ఎపిసోడ్‌లోనే అలా వేటాడబడిన ఒక కుర్రాడు మేడ మీది నుంచి దూకబోతాడు. డ్రై క్లీనింగ్ షాపు నడిపే వాళ్లమ్మాయి గుమ్ జాన్ ది వాడిని కాపాడుతుంది. కథ అక్కడి నుంచి ఎటు పోతుంది? ఆ ఎర్ర కార్డులు పంచిన గు జున్ ప్యో, ఆ అమ్మాయి ప్రేమలో పడతారు. దూకబోయిన కుర్రాడు కథలోంచి మాయమైపోతాడు. గు జున్ ప్యో పాత్ర వేసిన లీ మిన్ హో రాత్రికి రాత్రి ఆసియా అంతటా స్టార్ అయ్యాడు. అప్పుడు చాలామంది మాట్లాడుకున్నది అతని ఉంగరాల జుట్టు గురించి.

2013లో ఎస్‌బీఎస్‌లో వచ్చిన ‘ది ఎయిర్స్’ సంగతి ఇంకా ఆసక్తికరం. అందులో హోటళ్ల వ్యాపారి కొడుకు చోయ్ యంగ్ దో, స్కాలర్‌షిప్ మీద చేరిన ఒక పేద కుర్రాడిని తరిమి తరిమి వేధిస్తాడు. ఆ కుర్రాడు స్కూలు వదిలి వెళ్లిపోతాడు. యంగ్ దోగా చేసిన కిమ్ వూ బిన్‌కు మాత్రం ఆ సీరియల్‌తో అభిమానులు వెల్లువెత్తారు. తల్లి దూరమైన బాధ, తండ్రి కొట్టే దెబ్బలు, నెరవేరని ప్రేమ అతని ఖాతాలో పడి, చేసిన పాపం మాఫీ అయిపోయింది. ఈ డ్రామా రాసింది కిమ్ ఉన్ సూక్. తొమ్మిదేళ్ల తర్వాత ‘ది గ్లోరీ’ రాసిందీ ఆమే. ఒకే రచయిత, ఒకే సమస్య, కానీ కెమెరా నిలబడిన చోటు మారిపోయింది. ఆమె తన పాత కథకు తానే రాసుకున్న జవాబులా ‘ది గ్లోరీ’ని చూస్తే తప్పేమీ లేదు.

ఈ మధ్యలో దేశంలో జరిగింది తక్కువేమీ కాదు. స్కూలు హింస నివారణ చట్టం 2004 నుంచే ఉంది. కానీ 2011 డిసెంబర్‌లో దేగు నగరంలో వేధింపులు భరించలేక ఒక మిడిల్ స్కూలు కుర్రాడు ప్రాణం తీసుకున్నాక దేశమంతా కదిలింది. 2012 ఫిబ్రవరిలో ప్రభుత్వం కొత్త చర్యలు ప్రకటించింది. వేధించిన విద్యార్థి మీద తీసుకున్న చర్య అతని స్కూలు రికార్డులో ఎక్కడం అప్పుడే మొదలైంది. ఆ ఏడాది చివర్లో వచ్చిన ‘స్కూల్ 2013’ ఆ వేడిలో తయారైన డ్రామా. అందులో ఓ జంగ్ హో అనే రౌడీ పిల్లాడు చివరి దాకా మారడు. అతనికి పెద్ద శిక్షా పడదు, కనువిప్పూ కలగదు. ఆఖరి దృశ్యంలో ఇద్దరు టీచర్లు ఖాళీ క్లాసులో నిలబడి అతను వస్తాడేమోనని ఎదురు చూస్తుంటారు. సోడా చుక్క కూడా లేని ముగింపు. ఇవాళ అలాంటి స్క్రిప్టు పట్టుకెళ్తే ఏ ఓటీటీ సంస్థ అయినా ఒప్పుకుంటుందా అంటే అనుమానమే.

‘ది గ్లోరీ’ మొదటి భాగం 2022 డిసెంబర్ 30న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. హైస్కూల్లో ఐదుగురు మూన్ డాంగ్ ఉన్ అనే పేదింటి అమ్మాయిని హింసిస్తారు. జిమ్‌లో ఆమెను పట్టుకుని, జుట్టు రింగులు తిప్పే వేడి ఇనుముతో ఒళ్లు కాలుస్తారు. ఈ దృశ్యం చూసి ఇంత ఘోరం ఎక్కడైనా ఉంటుందా అని బయటి దేశాలవాళ్లు అడిగితే, కొరియన్లు 2006 నాటి వార్త తీసి చూపించారు. చోంగ్‌జు నగరంలో ఒక మిడిల్ స్కూలు అమ్మాయిని తోటి పిల్లలు నిజంగానే అలా కాల్చారు.

కానీ ఆ డ్రామాలో గుండె తరుక్కుపోయేది ఆ ఇనుము ఒక్కటే కాదు. దాని తర్వాత వచ్చే కాగితాలు కూడా. స్కూలు మానేస్తూ డాంగ్ ఉన్ కారణం రాసే చోట తనను హింసించినవాళ్ల పేర్లు రాస్తుంది. క్లాస్ టీచర్ ఆమె చెంపలు వాయిస్తాడు. పోలీసులు పిల్లల గొడవగా తేల్చేస్తారు. ఆఖరికి ఎదుటివాళ్ల దగ్గర డబ్బు తీసుకుని, ‘బడికి సర్దుకోలేకపోయింది’ అనే కాగితం మీద సంతకం పెట్టేది కన్నతల్లి. కంచే చేను మేసిన కథ. చర్మం మీది మచ్చలు ఐదుగురు పిల్లలవి, బతుకు మీది మచ్చ పెద్దవాళ్ల సంతకాలది. రచయిత్రి ఈ సంగతి దాచుకోలేదు. హైస్కూలు చదివే తన కూతురు ఒకరోజు ‘నేను ఎవరినైనా చావగొట్టి వస్తే నీకు ఎక్కువ బాధా, చావు దెబ్బలు తిని వస్తే ఎక్కువ బాధా’ అని అడిగిందని, ఆ ప్రశ్నలోంచే కథ పుట్టిందని ఆమె చెప్పారు. తర్వాత మరో సందర్భంలో ఆ ప్రశ్నకు తనకు దొరికిన జవాబు కూడా చెప్పారు: దెబ్బలు తిని రావడమే నయం, ఎందుకంటే కొట్టినవాళ్లను చివరిదాకా వెంటాడే డబ్బు తన దగ్గర ఉంది. డాంగ్ ఉన్ లాంటి పిల్లలకు అది ఉండదు. అంటే ‘ది గ్లోరీ’ ఎంత హింస గురించిన కథో, ఫీజు కట్టి లాయరును పెట్టుకోలేని ఇంటి గురించిన కథ కూడా అంతే.

అందుకే ప్రతీకారం. చట్టం తలుపు తీసి ఉంటే డాంగ్ ఉన్ పద్దెనిమిదేళ్లు పథకం వేయాల్సిన పని లేదు. బట్టల మిల్లులో పని చేస్తూ చదివి, ప్రాథమిక పాఠశాల టీచరై, తనను కాల్చిన పార్క్ యోన్ జిన్ కూతురికే క్లాస్ టీచర్‌గా చేరాల్సిన అవసరం అంతకన్నా లేదు. (చూడనివాళ్లు తర్వాతి రెండు వాక్యాలు దాటేయొచ్చు.) చివరికి ఐదుగురిలో ఇద్దరు చస్తారు, ఒకరి గొంతు పోతుంది, ఒకరు మత్తుమందుల కేసులో మునుగుతారు. టీవీలో వాతావరణ వార్తలు చదివే యోన్ జిన్ జైలు గదిలో తోటి ఖైదీల బలవంతం మీద అదే వార్తలు చదువుతూ మిగులుతుంది. పదహారు ఎపిసోడ్ల దుంపకు సరిపడా సోడా పోశారు. ‘యోన్ జిన్ ఆ’ అని పిలుస్తూ డాంగ్ ఉన్ మనసులో రాసుకునే ఉత్తరాల ధోరణి మీమ్‌గా మారి, కాఫీ బాలేకపోయినా ‘యోన్ జిన్ ఆ’ అనే స్థితికి వచ్చింది. 2023 బేక్‌సాంగ్ అవార్డుల్లో ఉత్తమ డ్రామా, డాంగ్ ఉన్‌గా చేసిన సాంగ్ హే క్యోకు ఉత్తమ నటి, యోన్ జిన్‌గా చేసిన లిమ్ జి యోన్‌కు ఉత్తమ సహాయ నటి బహుమతులు వచ్చాయి.

రెండో భాగం రావడానికి 2023 మార్చి 10 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఖాళీలోనే అసలు కథ నడిచింది. ఫిబ్రవరి 24న ప్రభుత్వం జంగ్ సున్ షిన్ అనే మాజీ ప్రాసిక్యూటర్‌ను పోలీసు దర్యాప్తు విభాగానికి జాతీయ అధిపతిగా నియమించింది. ఆయన కొడుకు ఒక పేరున్న హాస్టల్ స్కూల్లో సాటి విద్యార్థిని వేధించాడని, వేరే స్కూలుకు పంపమని ఆదేశం వస్తే దాని మీద కుటుంబం సుప్రీంకోర్టు దాకా కొట్లాడిందని, ఆ కుర్రాడు తర్వాత దేశంలోకెల్లా గొప్పదైన సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చేరాడని బయటపడింది. మర్నాటికల్లా ఆయన తప్పుకున్నారు. పత్రికల్లో, నెట్‌లో అందరికీ ఒకే పోలిక తట్టింది: ఇది నిజ జీవితపు ‘ది గ్లోరీ’. తమాషా ఏమిటంటే ఆ కేసులో వేడి ఇనుమూ లేదు, రక్తమూ లేదు. ఉన్నవి మాటలు. పుట్టిన ఊరిని ఎత్తిచూపుతూ అనే మాటలు.

రెండో భాగం విడుదలైన రోజే ఇంకో దెబ్బ. దర్శకుడు ఆన్ గిల్ హో 1996లో ఫిలిప్పీన్స్‌లో చదువుకునే రోజుల్లో తనకన్నా చిన్నవాళ్లను కొట్టించాడని ఒకరు ఆరోపించారు. ఆయన మొదట అలాంటిదేమీ లేదన్నారు. రెండు రోజుల తర్వాత లాయరు ద్వారా ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. అప్పటికే థాయ్‌లాండ్‌లో ఈ డ్రామా పేరుతో హ్యాష్‌ట్యాగ్ పుట్టి, అక్కడి నటుల పాత స్కూలు ఆగడాలను ఒక్కొక్కటిగా బయటికి లాగుతోంది. ఏప్రిల్ 12న కొరియా ప్రభుత్వం కొత్త నిబంధనలు ప్రకటించింది. తీవ్రమైన చర్యలకు గురైన విద్యార్థి రికార్డు చదువు అయిపోయాక రెండేళ్లకు బదులు నాలుగేళ్లు ఉంచాలి, 2026 విద్యా సంవత్సరం నుంచి యూనివర్సిటీ ప్రవేశాలన్నింట్లోనూ దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గడువుకు ముందే, 2025 ప్రవేశాల్లోనే ఆరు పెద్ద జాతీయ విశ్వవిద్యాలయాలు ఈ కారణంతో 45 మందిని తిప్పి పంపాయి. వాటిలో క్యుంగ్‌పుక్ ఒక్కటే 22 మందిని కాదంది. దీనికంతటికీ డ్రామాయే కారణమంటే అతిశయోక్తి. జంగ్ కేసు లేకపోతే ఇంత తొందర ఉండేది కాదు. కానీ ఆ వార్తను జనం అర్థం చేసుకోవడానికి కావలసిన మాటలూ కోపమూ రెండు నెలల ముందే డ్రామా సిద్ధం చేసి పెట్టింది.

ఒక టీవీ కథకు జనం ఇలా స్పందించడం వెనక పాత అలవాటొకటి ఉంది. 2021 ఫిబ్రవరిలో ఇద్దరు జాతీయ జట్టు వాలీబాల్ కవలల మీద మాజీ సహ క్రీడాకారులు నెట్‌లో ఆరోపణలు రాశారు. అక్కాచెల్లెళ్లు ఒప్పుకుని చేత్తో క్షమాపణ లేఖలు రాసినా జాతీయ జట్టు నుంచి నిరవధికంగా తప్పించారు. తర్వాతి నెలలో ‘రివర్ వేర్ ది మూన్ రైజెస్’ అనే చారిత్రక డ్రామా హీరో జీ సూ వంతు. ఆరు ఎపిసోడ్లు ప్రసారమయ్యాక అతన్ని తీసేసి, వేరే నటుడితో మళ్లీ షూటింగ్ చేశారు. సాక్ష్యంగా ఇలాంటప్పుడు బయటికొచ్చేది స్కూలు ఆల్బమ్ ఫొటో, అదే స్కూల్లో చదివానని రుజువు. ఆ ఫొటో చూపించి పదేళ్ల కిందటి గాయం చెప్పుకుంటారు. న్యాయం కోసం స్కూలుకు వెళ్తే దొరకనిది, పోలీసులకు చెబితే గడువు దాటిందన్నది, ఇక్కడ రెండు రోజుల్లో దొరుకుతుంది.

అయితే ఈ దారి నున్నగా ఏమీ ఉండదు. కొరియా చట్టంలో చెప్పింది నిజమైనా సరే, ఎదుటివాడి పరువు పోయేలా బహిరంగంగా చెబితే నేరమే. క్రిమినల్ చట్టం 307వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ప్రజా ప్రయోజనం కోసమే చెప్పానని రుజువు చేసుకుంటే మినహాయింపు ఉంది, కానీ ఆ రుజువు బరువు చెప్పినవాళ్ల నెత్తిమీదే. అందుకే ఆరోపణ రాగానే నటుల ఏజెన్సీ మొదటి ప్రకటన ‘చట్టపరమైన చర్య తీసుకుంటాం’ అనే వస్తుంది. కొన్ని ఆరోపణలు తప్పని తేలాయి కూడా. ఏది నిజమో తేలేలోపు ప్రేక్షకులు తీర్పు ఇచ్చేసి ఉంటారు. పదహారు ఎపిసోడ్ల కథలో ఎవరు దోషో మనం ముందే కళ్లారా చూస్తాం. బయటి ప్రపంచంలో ఆ సౌకర్యం ఉండదు.

డ్రామాకూ బడికీ మధ్య దూరం ఎంతో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. విద్యాశాఖ 2024లో జరిపిన మొదటి విడత సర్వేలో తాము బాధితులమని చెప్పిన పిల్లలు 2.1 శాతం. విడదీసి చూస్తే ప్రాథమిక పాఠశాలల్లో 4.2, మిడిల్ స్కూళ్లలో 1.6, హైస్కూళ్లలో 0.5. రకాల వారీగా మాటలతో చేసే హింస 39.4 శాతంతో మొదటి స్థానంలో ఉంది. ఒంటి మీద చెయ్యి వేయడం, గుంపుగా వెలివేయడం చెరో 15.5. డ్రామాలేమో దాదాపు అన్నీ హైస్కూల్లోనే జరుగుతాయి, దాదాపు అన్నింట్లోనూ నెత్తురు కారుతుంది. పన్నెండేళ్ల పిల్లను పక్కన కూర్చోనివ్వకపోవడం, గ్రూప్ చాట్‌లో నుంచి తీసేయడం తెర మీద రక్తి కట్టవు. పదేళ్ల పిల్లలతో అలాంటి సీన్లు తీయకూడదన్న మంచి కారణమూ ఉండొచ్చు. కానీ ఫలితం మాత్రం ఒకటే: ఇనుముతో కాల్చిందే హక్‌పోక్, మిగతాది చాంగ్‌నాన్ అనే భావం చూసేవాళ్లలో గట్టిపడుతుంది.

వేధించేవాడు చాలాసార్లు శ్రీమంతుడే కావడం ఇంకో చిక్కు. ‘ఇటేవాన్ క్లాస్’లో రెస్టారెంట్ల కంపెనీ ఛైర్మన్ కొడుకు. ‘పిరమిడ్ గేమ్’లో స్కూలు పెద్దల మనవరాలు. కొరియాలో డబ్బున్న కుటుంబాల మీద జనానికున్న కసి ఈ పాత్రల్లోకి చక్కగా ఒదిగిపోతుంది, పైగా లాయర్ల దన్ను ఎవరికుంటుందో జంగ్ కేసులో అందరూ చూశారు. కాబట్టి అబద్ధమనలేం. కానీ సోఫాలో కూర్చుని చూసేవాళ్లలో ఎవరికీ గోల్ఫ్ కోర్సు ఉండదు. తెర మీద కనిపించే ఆ రాక్షసుడు తమ ఇంట్లో, తమ స్కూలు రోజుల్లో ఉన్న మనిషి అయ్యే ప్రసక్తే లేదు. ఎంత హాయి!

హింసను చూపించే తీరు మీద కూడా పేచీలున్నాయి. 2022 జనవరిలో వచ్చిన ‘ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్’ జాంబీల కథే అయినా, దాని మూలం వేధింపుల్లోనే ఉంది. వేధింపులకు గురైన తన కొడుకు తిరగబడగలగాలని ఒక సైన్స్ టీచర్ వైరస్ తయారు చేస్తాడు, అది హ్యోసాన్ ఊరిని మింగేస్తుంది. ఆలోచన గొప్పది. కానీ మొదట్లోనే ఒక అమ్మాయిని అవమానిస్తూ వీడియో తీసే సన్నివేశాన్ని అవసరానికి మించి చూపించారని అక్కడి ప్రేక్షకులే తప్పుపట్టారు. బాధను చూపించడానికీ, బాధను అమ్మడానికీ మధ్య గీత సన్నగా ఉంటుంది. ఫ్రేము ఎవరి ముఖం మీద ఆగింది అన్నదాన్ని బట్టి ఆ గీత ఎక్కడుందో తెలుస్తుంది.

ఈ విషయంలో ‘వీక్ హీరో’ మొదటి సీజన్ కాస్త వేరే దారి పట్టింది. 2022 నవంబర్‌లో ఎనిమిది ఎపిసోడ్లుగా వచ్చింది. పార్క్ జీ హూన్ చేసిన యోన్ షి ఉన్ చదువులో ఫస్టు, ఒంట్లో బలం లేదు. పెన్ను, పుస్తకం, కిటికీ తెర ఏది దొరికితే దానితో లెక్క వేసి కొడతాడు. సోడాకు కొదవ లేదు. కానీ చూసినవాళ్లు ఎక్కువగా వాదించుకున్నది మాత్రం ఓ బోమ్ సోక్ గురించి. అతను రాజకీయ నాయకుడి దత్త కొడుకు, ఇంట్లో తండ్రి చేతిలో దెబ్బలు, పాత స్కూల్లో వేధింపులు. షి ఉన్, సు హో అనే ఇద్దరు స్నేహితులు దొరికాక కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. ఆ స్నేహం ఎక్కడ చెడుతుందంటే, సు హో తనను ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలో కాలేదన్న చోట. అంత చిన్న ముల్లు. అది లోపల పుండై, చివరికి తనను కాపాడినవాడినే కొట్టించే దాకా పోతుంది. వాడిని క్షమించలేమని కొందరు, వాడి బాధ తమదేనని కొందరు. డబ్బూ పొగరూ లేకుండా, భయంలోంచీ అసూయలోంచీ పుట్టిన ఇలాంటి తప్పును గుర్తుపట్టి జనం ఇబ్బంది పడటమే ఆ డ్రామా సాధించిన పెద్ద విజయం. యోన్ జిన్‌ను చూసి ఎవరూ అలా ఇబ్బంది పడలేదు.

అసలు ఈ కథల్లో తరచుగా కనిపించనిది క్లాసు. డాంగ్ ఉన్ క్లాసులో ఎంతమంది ఉన్నారు, వాళ్ల పేర్లేమిటి, చేతుల మీది కాలిన మచ్చలు చూసి వాళ్లు ఏమనుకున్నారు? మనకు తెలియదు. ఒక బాధితురాలు, ఐదుగురు దుర్మార్గులు, కొందరు అమ్ముడుపోయిన పెద్దలు. మిగతా బెంచీలన్నీ బ్యాక్‌గ్రౌండ్. కానీ నిజమైన క్లాసులో కొట్టేవాళ్లు నలుగురైతే తల దించుకుని పుస్తకంలోకి చూసేవాళ్లు ఇరవై మంది. హక్‌పోక్ డ్రామాలు చూసి కన్నీళ్లు పెట్టుకున్న లక్షల మందిలో బాధితులు కొందరు, బాధపెట్టినవాళ్లు కొందరు ఉంటే ఉండొచ్చు, మెజారిటీ మాత్రం చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్లే అయ్యుండాలి, లెక్క ప్రకారం. ఆ చూసీ చూడనివాళ్లకు డ్రామా ఒక ఉచిత టికెట్ ఇస్తుంది: అప్పుడు నోరు మెదపకపోయినా ఇప్పుడు డాంగ్ ఉన్ వైపు నిలబడొచ్చు.

2024 ఫిబ్రవరి 29న టీవింగ్ అనే కొరియన్ ఓటీటీలో మొదలైన ‘పిరమిడ్ గేమ్’ ఈ టికెట్ ఇవ్వడానికి ఒప్పుకోదు. బేగ్యోన్ బాలికల హైస్కూల్లో ఒక క్లాసు. నెలకోసారి ఫోన్ యాప్‌లో రహస్య ఓటింగ్. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లు ‘ఎ’, ఒక్కటీ రానివాళ్లు ‘ఎఫ్’. ‘ఎఫ్’ పిల్లను నెల పొడుగునా ఎవరైనా ఏమైనా చేయొచ్చు. కొత్తగా చేరిన సుంగ్ సు జీ సైనికుడి కూతురు, ఊళ్లు మారుతూ పెరిగింది, మనుషుల లెక్కలు బాగా తెలిసిన పిల్ల. అయినా మొదటి ఓటింగ్‌లో ఆమెకు సున్నా వస్తుంది. ఇక్కడ చెయ్యెత్తి కొట్టేది ఒకరిద్దరే, కానీ ‘ఎఫ్’ ఎవరో తేల్చింది మొత్తం క్లాసు. తాను ‘ఎఫ్’ కాకుండా ఉండటానికి ‘సి’, ‘డి’ గ్రేడు పిల్లలు ఎవరికి ఓటు వేశారు, ఎవరికి వేయలేదు అన్నదే కథ. సు జీ ప్రతీకారం కూడా వేరుగా ఉంటుంది. ఆట నడిపే బేక్ హా రిన్‌ను కొట్టి కూర్చోబెట్టడం కాదు, ఒక్కో పిల్ల దగ్గరికీ వెళ్లి, ఆమె ఎందుకు భయపడుతోందో కనుక్కుని, ఆటను పడగొట్టడానికి ఓటు అడగడం. చాలా ఎపిసోడ్లు దుంపే. అందుకే బాగుంది.

ఆ మార్చిలోనే ఉత్తర జియోల్లా ప్రాంతంలోని కొన్ని బడుల నుంచి తల్లిదండ్రులకు ఉత్తరాలు వెళ్లాయి. పిల్లలు ‘పిరమిడ్ గేమ్’ ఆడుతున్నారు, గ్రేడ్లు వేసుకుని ఒకరిని పక్కన పెడుతున్నారు, ఇంట్లో కాస్త కనిపెట్టి ఉండండని. వాళ్లు డ్రామాలోంచి తీసుకున్నది ఇంటింటికీ తిరిగినట్టు బెంచీ బెంచీకీ తిరిగి ఓట్లు అడిగిన సు జీని కాదు, ఓటింగ్‌ను.